తమ్ముడి పేరు

చాటలో ఎర్ర చిక్కుడు గింజలు పోసుకుని గుమ్మంలో కూర్చుని రాళ్ళు ఏరుతున్నాను. సగం అయ్యేసరికి డాన్ మెలానియో మోటారు సైకిలు వాకిట్లో ఆగింది. డాన్ అంటే మా దగ్గర పెద్దమనిషి అని. ఆయన వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చేవాడు. ఒకసారి బియ్యం బస్తా, ఒకసారి వంటగది మీదికి రేకులు. ఆ రోజు ఉత్త చేతులతో వచ్చాడు. లోపలికొచ్చి అన్ననీ తమ్ముణ్ణీ పక్కపక్కన నిలబెట్టాడు. సంతలో కోడెల్ని చూసినట్టు ఇద్దరినీ పైనుంచి కిందిదాకా చూసి, అన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇవాళ్టినుంచి వీడు లిసాంద్రో."

లిసాంద్రో మా తమ్ముడి పేరు.

అమ్మ కాఫీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "మరి చిన్నాడు?"

"చిన్నాడు ఫౌస్తో. వయసు పద్దెనిమిది. బడి మానేశాడు. బేస్‌బాల్ అంటే వాడికి గిట్టదు."

ఆ ఆఖరి మాటకి తమ్ముడు నావైపు చూశాడు. వాడి చేతిలో అప్పుడు కూడా బంతి ఉంది.

మా చెరకు పల్లెల్లో ప్రతి ఆటస్థలం దగ్గరా డాన్ మెలానియో లాంటివాళ్ళు ఒకరుంటారు. పిల్లల్ని ఏరుకుని, తిండి పెట్టి, బంతి విసరడం నేర్పి, అమెరికా క్లబ్బుల వాళ్ళకి చూపిస్తారు. సంతకం అయితే వచ్చే డబ్బులో వాళ్ళ వాటా వాళ్ళు తీసుకుంటారు. క్లబ్బులకి పదహారేళ్ళవాళ్ళు కావాలి. అన్న బంతి విసిరితే పట్టేవాడి చెయ్యి అదిరిపోయేది. కానీ మోచేతి నొప్పితో రెండేళ్ళు ఇంట్లో కూర్చున్నాడు, ఈలోగా పద్దెనిమిది నిండాయి. పద్దెనిమిదేళ్ళ పిల్లాణ్ణి మా దగ్గర ముసలాడు అంటారు. మీసం సరిగ్గా రాని ముసలాడు. ఆ మాట ఎవరి నోట విన్నా నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తమ్ముడికి నిజంగానే పదహారు. వాడూ అన్నలాగే బంతి విసిరే పిచ్చరే. కానీ సన్నగా ఉంటాడు, బంతిలో ఇంకా జోరు రాలేదు.

"వీడికింకా ఏడాది పడుతుంది. ఏడాది ఎవడాగుతాడు?" అన్నాడు మెలానియో. "పెద్దాడు పైకెళితే చిన్నాణ్ణి వాడే లాక్కుంటాడు."

"పేరేగా," అంది అమ్మ తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "ప్రాణం అడగలేదుగా."

తమ్ముడి మాట ఎవరూ అడగలేదు.

చిక్కంతా తర్వాత వచ్చింది. మా ఊళ్ళో అసలు పేరుతో ఎవరినీ పిలవరు. పిలిస్తే పలకరు కూడా. అన్న పేరు గుర్రం. తమ్ముడు పుల్ల. నేను తక్కువ మాట్లాడతానని చిన్నప్పుడే మూగది అని పెట్టారు, అదే మిగిలింది. కొట్టు నడిపే ఆయన గుండు. పక్కింటావిడ చిలక. ఆవిడ అసలు పేరేమిటో వాళ్ళాయన పోయినప్పుడు చర్చిలో పాదిరిగారు చదివితే గాని మాకు తెలియలేదు. విని మళ్ళీ మర్చిపోయాం కూడా.

మెలానియోకి అదే భయం. సంతకం అయ్యాక, క్లబ్బులన్నిటి మీదా ఉండే లీగు ఆఫీసునుంచి మనిషొచ్చి ఊళ్ళో ఆరా తీస్తాడు. లిసాంద్రో ఎవరంటే ఎవరికీ తెలియకపోతే ఎలా? అందుకని ఊరందరికీ చెప్పాడు. గుర్రం అనొద్దు, పుల్ల అనొద్దు. పెద్దాడు లిసాంద్రో, చిన్నాడు ఫౌస్తో. గుండు కొట్టు ముందు డామినో ఆడేవాళ్ళకి బీరు పోయించాడు. పిల్లలకి పిప్పరమెంటు బిళ్ళలు పంచాడు. ఊరు ఊరంతా దాన్నో పండగలా పట్టుకుంది.

"లిసాంద్రో నాయనా, ఆకలేస్తోందా?" అని చిలక తమ్ముణ్ణి చూసి కంచె మీంచి అరిచేది.

"అత్తా, నేను ఫౌస్తోని," అనేవాడు తమ్ముడు.

"అయ్యో నా నోరు పడా! పుట్టినప్పట్నించీ పుల్లా అన్న నోరు, ఒక్కసారి తిరగమంటే తిరుగుతుందిట్రా? ఉండు, మళ్ళీ చెప్తా. ఫౌస్తో! ఫౌస్తో! బాగుందా?"

"బాగుంది. ఎవరిదో గాని."

చిలక పకపకా నవ్వింది. వాడు నవ్వలేదు.

బడిలో వాడి పేరు లిసాంద్రో కాబట్టి వాణ్ణి బడి మాన్పించారు. పద్దెనిమిదేళ్ళవాడిలా కనిపించాలని అన్న చొక్కాలు తొడిగారు. ఆటస్థలానికి వెళ్ళకూడదన్నారు. నీళ్ళు మోసేవాడు, గుండు కొట్టులో బస్తాలు దించేవాడు. సాయంత్రమైతే వంటగది వెనక, చెరకు తోట మొదలయ్యే చోటికి నన్ను పిలిచేవాడు. అన్న పాత గ్లవ్ నాకిచ్చి ఎదురుగా కూర్చోబెట్టేవాడు.

"నొప్పెడితే చెప్పు."

"పెట్టలేదు."

మొదట్లో నిజంగానే పెట్టలేదు. జూన్ వానలు పడ్డాక అరచెయ్యి ఎర్రబడడం మొదలైంది. గ్లవ్ లోపల చింకి గుడ్డ మడిచి పెట్టుకున్నాను. తర్వాత రెండు మడతలు వేశాను. ఆ చేత్తో కుండ ఎత్తలేక ఎడంచెయ్యీ కుడిచెయ్యీ మారుస్తుంటే అమ్మ చూసి, "ఏమైందే?" అంది. పట్టకారు జారి కాలిందన్నాను. వాడి బంతి ముదురుతోందని మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

"పుల్లా, ఇప్పుడు చాలు," అన్నాను ఒకరోజు.

"పుల్లా అనకూడదటగా."

"మరేమనను?"

"ఫౌస్తో అను."

"నేననను."

"అయితే ఏమీ అనకు," అని బంతి కోసం చెయ్యి చాపాడు. "నువ్వెలాగూ మూగదానివే."

జూలై మొదట్లో అన్న సంతకం అయింది. క్లబ్బు టోపీ పెట్టుకుని ఫోటో దిగాడు. ఆ రోజు అమ్మ మేక మాంసం వండింది. చిలక ఏడ్చింది. మెలానియో అందరికంటే గట్టిగా పాట పాడాడు. మర్నాడే అన్న క్లబ్బు శిక్షణ శిబిరానికి వెళ్ళిపోయాడు. అది సముద్రం పక్కన, పచ్చటి గడ్డి పరిచి, చుట్టూ ఇనప కంచె వేసి ఉంటుంది. సంతకం అయినా విచారణ పూర్తయితే గాని ఖాయం కాదు. అప్పటిదాకా అక్కడే తిండి, అక్కడే పడక, అక్కడే ఆట.

ఒక శనివారం ముగ్గురం చూడ్డానికి వెళ్ళాం. అమ్మ ఉన్నవాటిలో మంచి గౌను వేసుకుంది. ఎండలో సిమెంటు మెట్ల మీద కూర్చున్నాం. అన్న బంతి విసిరే మట్టిదిబ్బ మీదికి నడిచొస్తుంటే నిజంగానే గుర్రంలా ఉన్నాడు. తెల్ల బట్టలు, వీపు మీద మా ఇంటిపేరు. బ్యాటు పట్టుకొచ్చిన మొదటివాణ్ణి మూడు బంతుల్లో పంపేశాడు. వాళ్ళ జట్టు పిల్లలు కంచె పట్టుకుని అరిచారు.

"అదీ లిసాంద్రో! కొట్టావురా లిసాంద్రో!"

నా పక్కన కూర్చున్న తమ్ముడు ఉలిక్కిపడి సగం లేచాడు. లేచినట్టు వాడికే తెలిసి, మళ్ళీ కూర్చున్నాడు. అమ్మ చూసింది. చూసి, సంచిలోంచి అరటికాయ ముక్కలు తీసి వాడి చేతిలో పెట్టింది. ఆ క్షణంలో అమ్మ మీద నాకు వచ్చినంత కోపం మరెప్పుడూ, ఎవరిమీదా రాలేదు. తినమని పెట్టింది. ఎదురుగా ఒక బిడ్డ పేరు పెట్టి ఇంకో బిడ్డని అందరూ పిలుస్తుంటే, తినమని పెట్టింది.

ఆట అయ్యాక అన్న కంచె దగ్గరికొచ్చాడు. చెమటతో మెరుస్తున్నాడు. మోచేతికి మంచు కట్టారు.

"ఎలా వేశాను?"

"నా పేరు బాగానే పనికొస్తున్నట్టుంది," అన్నాడు తమ్ముడు.

అన్న మొహం మారింది. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇక్కడ అలా మాట్లాడకు."

"ఎక్కడ మాట్లాడను? బడికెళ్ళొద్దన్నారు. ఆటస్థలానికెళ్ళొద్దన్నారు. ఇంట్లో చిలకత్త వింటుంది."

"కొన్నాళ్ళు ఓపిక పట్టరా. నేను పైకెళ్ళాక నిన్ను నేను చూసుకుంటాగా."

"నన్నా? నేను ఫౌస్తోనిగా. అంటే నిన్ను నువ్వే చూసుకుంటావన్నమాట."

"వీడికి నోరెక్కువైంది," అన్నాడు అన్న అమ్మతో. తర్వాత ఎందుకో మంచు కట్టిన చెయ్యి కంచె సందులోంచి పెట్టి తమ్ముడి తల నిమరబోయాడు. అందలేదు. తమ్ముడు ముందుకి జరగలేదు.

బస్సులో ఇంటికొస్తుంటే వాడొక్క మాటే అన్నాడు. "మోచెయ్యి కిందికి జారుస్తున్నాడు. నొప్పి దాస్తున్నాడు." ఆ మాటలో కోపం లేదు. అదే నాకు ఇంకా బాధేసింది.

విచారణ మనిషి ఆగస్టులో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దె మోటారు సైకిలు వెనక కూర్చుని వచ్చి, గుండు కొట్టు దగ్గర దిగాడు. నేను ఉప్పు కోసం అక్కడే ఉన్నాను. మా దేశం మనిషే. నెమ్మదిగా మాట్లాడతాడు. చల్లటి సోడా ఒకటి తీసుకుని, డామినో బల్ల పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"లిసాంద్రో అనే కుర్రాడి ఇల్లు ఎక్కడండీ?"

ఒక్కసారి కొట్టు కొట్టంతా పలికింది. అటు, ఆ నీలం తలుపు, మా లిసాంద్రో, పదహారేళ్ళు, చిన్నప్పట్నించీ చూస్తున్నాం, లిసాంద్రో బంతి ముట్టుకుంటే నిప్పే. బిళ్ళలు తిన్న పిల్లలైతే వరసగా నిలబడి పద్యం అప్పజెప్పినట్టు చెప్పారు. ఒక్కరూ తడబడలేదు.

ఆయన తలాడిస్తూ విన్నాడు. సోడా తాగి సీసా కింద పెట్టాడు. డామినో ఆడుతున్న ముసలాయన్ని అడిగాడు. "తాతా, నీ పేరేంటి?"

"కుంటికోడి."

"ఈయనది?"

"గుండు."

"ఆ పక్కాయన?"

"వాణ్ణి సైతాను అంటాం. మంచోడే."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. "ఆ అమ్మాయి?"

"మూగది. మాట్లాడుద్ది గానీ మాట్లాడదు."

"బాగుంది," అన్నాడాయన. "మరి లిసాంద్రోకి ముద్దుపేరేం లేదా?"

ముసలాయన డామినో బిళ్ళ గాల్లోనే ఆగింది. గుండు తూకంరాయి అందుకుని తుడవడం మొదలుపెట్టాడు. దాన్ని ఎప్పుడూ తుడవగా నేను చూడలేదు.

ఆయన ఇంకేమీ అడగలేదు. మా ఇంటికొచ్చాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. తమ్ముడు వీపు గోడకి ఆనించి నిలబడ్డాడు, అన్న చొక్కా మోచేతులు దాటి వేలాడుతోంది. ఆయన వాణ్ణి చాలాసేపు చూశాడు.

"నీ పేరేంటి బాబూ?"

వాడు నిజం చెబుతాడేమోనని నాకు ఆశ. చెబుతాడేమోనని భయం కూడా.

"ఫౌస్తో," అన్నాడు వాడు. నేల చూడలేదు. ఆయన కళ్ళలోకే చూసి చెప్పాడు.

ఆయన కాఫీ పూర్తి చేసి కప్పు అమ్మ చేతికిచ్చాడు. "మంచి కాఫీ అమ్మా. మా అమ్మ కూడా ఇలాగే పెట్టేది." గుమ్మం దగ్గర ఆగాడు. "మా ఊళ్ళో నన్ను కప్ప అంటారు. ఈ వయసులో కూడా. ఎవరైనా వచ్చి నా అసలు పేరు అడిగితే, మా వాళ్ళు కాసేపు ఆలోచించుకోవాలి."

అంతే. వెళ్ళిపోయాడు. అమ్మ ఆ కప్పు కడగకుండా చాలాసేపు పట్టుకుంది.

వారం తిరక్కుండా అన్న సంచితో తిరిగొచ్చాడు. క్లబ్బు బట్టలు వాళ్ళే ఉంచుకున్నారు, టోపీ కూడా. సంచి వాకిట్లో విసిరేసి నేరుగా తమ్ముడి మీదికి వెళ్ళాడు.

"చెప్పావు కదా! కడుపుమంటతో చెప్పావు!"

"చెప్పి ఉంటే నువ్వు ఆ రోజే వచ్చేవాడివి," అన్నాడు తమ్ముడు.

అన్న వాణ్ణి చొక్కా పట్టి గోడకి నొక్కాడు. అది అన్న చొక్కాయే. తమ్ముడు చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాడు. అప్పుడు చిలక కంచె దాటి పరుగెత్తుకొచ్చి మధ్యలో పడింది.

"వాణ్ణెందుకు కొడతావు నాయనా? ఊళ్ళో మేమెవరం ఒక్క తప్పు మాట్లాడలేదు! ఒక్కరం కూడా! నిద్రలో లేపి అడిగినా లిసాంద్రో అనే చెప్పాం!" అని గుండెలు బాదుకుంది.

నేను నవ్వాను. ఆగలేదు. చేతిలో ఉన్న చిక్కుడు గింజల చాట నేలకేసి కొట్టి నవ్వాను. గింజలు వాకిలంతా దొర్లాయి. అందరూ నావైపు తిరిగారు. నవ్వు ఎప్పుడు ఏడుపైందో నాకు తెలియలేదు. అన్న చొక్కా వదిలేసి మెట్టు మీద కూలబడ్డాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూశాడు.

"ఇప్పుడు నిజంగా ముసలాణ్ణయ్యాను," అన్నాడు.

ఆ మర్నాడు ఉదయం తమ్ముడు తన చొక్కా తను తొడుక్కున్నాడు. అది ఒంటికి పొట్టయిపోయింది. నన్ను తోడు రమ్మన్నాడు. పట్నంలో ఇంకో క్లబ్బు వాళ్ళు పిల్లల్ని చూస్తున్నారని గుండు చెప్పాడట. మెలానియోతో చెప్పలేదు. బస్సులో వాడు ఏదో గొణుక్కుంటుంటే చెవి పెట్టి విన్నాను. తన పేరే గొణుక్కుంటున్నాడు.

మైదానంలో వాడి వంతు వచ్చింది. మొదటి బంతికి, వేగం చూసే యంత్రం పట్టుకున్నాయన బద్ధకంగా చూశాడు. రెండో బంతికి వెనక్కి తిరిగి ఇంకొకాయన్ని పిలిచాడు. మూడో బంతి పట్టినవాడు గ్లవ్ తీసి చెయ్యి విదిలించుకున్నాడు. నా అరచెయ్యి దానంతటదే ముడుచుకుంది.

"ఎక్కడ దాక్కున్నావురా ఇన్నాళ్ళూ?" అన్నాడు యంత్రం పట్టుకున్నాయన నవ్వుతూ. "పేరేంటి?"

తమ్ముడు నిటారుగా నిలబడ్డాడు. ముందు పేరు, తర్వాత ఇంటిపేరు, తర్వాత మా ఊరి పేరు, అడగకుండానే మూడూ చెప్పాడు.

ఆయన నవ్వు ఉన్నచోటే ఉండిపోయింది. పక్కాయనతో ఏదో అన్నాడు. పక్కాయన ఫోనులో మాట్లాడి వచ్చి తల అడ్డంగా ఊపాడు.

"ఆ పేరుకి ఏడాది నిషేధం ఉంది బాబూ."

"అది మా అన్న. నేను అసలు లిసాంద్రోని."

"ఆ కుర్రాడూ అదే చెప్పాడు," అన్నాడాయన. కరుకుగా అనలేదు. అంతకంటే కరుకుగా అన్నా బాగుండేది. "ఏడాది తర్వాత రా."

ఏడాది తర్వాత రమ్మంటారు. వచ్చాక వయసైపోయిందంటారు. ఆ ఎండలో ఆ గడ్డి మీద నిలబడి, ఎవరిని తిట్టాలో తెలియక పళ్ళు నూరాను. యంత్రం పట్టుకున్నాయన్నా? కప్ప అనే ఆయన్నా? వాళ్ళ పని వాళ్ళు చేశారు. ప్రతివాళ్ళూ వాళ్ళ పని వాళ్ళే చేశారు. నా తమ్ముడు ఒక్కడే ఏ పనీ చెయ్యలేదు, శిక్ష మాత్రం వాడి పేరు మీద పడింది.

మెలానియోకి ఈ సంగతి ఆ సాయంత్రానికే చేరింది. మూడో బంతి సంగతి కూడా చేరింది. మర్నాడు పొద్దున్నే వచ్చాడు. ఈసారి ఉత్త చేతులతో రాలేదు. బియ్యం, నూనె, ఒక కొత్త గ్లవ్. గ్లవ్ తెచ్చి తమ్ముడి ఒళ్ళో పెట్టాడు. అన్న ఒకమూల గోడవైపు తిరిగి పడుకున్నాడు. మెలానియో వాణ్ణి పలకరించనైనా లేదు. వాడితో పని అయిపోయింది.

"ఎనేరియా, బాధపడకు," అన్నాడు అమ్మతో. "నేనున్నాను. చిన్నాడి చెయ్యి బంగారం. నాకు ముందే తెలుసు."

"మీకు తెలియదు," అన్నాను.

అమ్మ తుళ్ళిపడింది. మెలానియో నన్ను మొదటిసారి చూసినట్టు చూశాడు. "దీనికి మాటొచ్చే!" అని నవ్వేసి మళ్ళీ అమ్మవైపు తిరిగాడు. "వాడి పేరు ఇప్పుడు పనికిరాదు. పోనీ. అవతలి చెరకు పల్లెలో ఒక కుర్రాడున్నాడు. వీడి వయసే. ఇంటిపేరు కూడా మంచిది. పాపం, కాలు చెడింది, చిన్నప్పుడే బండి చక్రం ఎక్కింది. ఎప్పుడూ ఆడడు. వాళ్ళమ్మతో మాట్లాడాను. ఒప్పుకుంది."

"ఆ పిల్లాడు ఒప్పుకున్నాడా?" అన్నాను.

"వాడికి ఆ పేరుతో ఏం పనమ్మా? కుంటివాడు."

వంటగదిలో పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. తమ్ముడు గ్లవ్ మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. కొత్త తోలు వాసన నాదాకా వస్తోంది. వాడు అమ్మ మొహం చూస్తున్నాడు. నేనూ అమ్మనే చూస్తున్నాను. వద్దంటుందని చూస్తున్నాను. ఒక్క మాట చాలు. లేవయ్యా, బియ్యం తీసుకుని పో, అంటే చాలు.

అమ్మ చేతులు గౌనుకి తుడుచుకుంది. మూల పడుకున్న అన్నను చూసింది. బియ్యం బస్తాను చూసింది. చాలా నెమ్మదిగా, ఎవరికీ వినిపించకూడదన్నట్టు అడిగింది.

"ఏం పేరు?"

తమ్ముడు లేచాడు. గ్లవ్ తీసి మెలానియో ఒళ్ళో పెట్టాడు. గుమ్మంలో నా పక్కనుంచి వెళుతూ, గ్లవ్ వేసుకునే నా ఎడంచెయ్యి తీసుకుని అరచెయ్యి తిప్పి చూశాడు. నల్లగా కమిలిన చోట బొటనవేలితో మెల్లగా రాసి, వదిలేశాడు. మెట్టు దిగాడు. వాకిలి దాటాడు. రోడ్డు మీదికి తిరిగాడు.

అమ్మ నన్ను దాటుకుని గుమ్మం బయటికి పరుగెత్తింది. పిలవడానికి నోరు తెరిచింది. తెరిచిన నోటితో అలాగే నిలబడిపోయింది. వాడు గుండు కొట్టు దాటి, చెరకు తోట మలుపు తిరిగేదాకా, అలాగే నిలబడి ఉంది.